గీతకు అవతలి వైపు

ఎముకల పెద్దమ్మ పక్కన కూర్చుని భోంచేయడానికి చుట్టాల్లో ఎవరికీ ధైర్యం చాలదు. అలాగని ఆవిడ నోరున్న మనిషి కాదు, ఒకరి జోలికి పోయే మనిషీ కాదు. కాకపోతే మీరు ముద్ద నోట్లో పెట్టుకోగానే మీ దవడ వంక అదోలా చూస్తుంది. చూసి ఊరుకోదు. "ఎడమవైపే నములుతున్నావు, కుడివైపు పన్ను పుచ్చినట్టుంది, చూపించుకో" అంటుంది. తీరా చూపించుకుంటే ఆ మాట నిజమే అవుతుంది. అదే అసలు బాధ. ఇక ఆ పూట తిన్నది ఒంటబడితే ఒట్టు.

ఏం చేస్తుంది పాపం, ఆవిడ ఉద్యోగం అలాంటిది. మ్యూజియం కింది అంతస్తులో కిటికీల్లేని పొడవాటి గది ఒకటుంది. గోడల నిండా ఇనుప అరలు, అరల నిండా అట్టపెట్టెలు, ఒక్కో పెట్టెలో ఒక్కో మనిషి. తవ్వకాల్లో పాత సమాధుల నుంచి బయటపడినవాళ్ళందరూ చివరికి చేరేది అక్కడికే. వాళ్ళని ఒక్కొక్కరినే బల్లమీదికి తీసి, మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి, ఈ మనిషి ఆడా మగా, ఎంత వయసు, ఏ జబ్బు చేసింది అని తేల్చడం ఆవిడ పని. వెన్నుపూసలు తినేసి మనిషిని విల్లులా వంచిన క్షయ, ముక్కు ఎముకను అరగదీసిన కుష్టు, చీము పట్టి కన్నం పడిన దవడలు, ఇవన్నీ ఆవిడకి ఇంటి పక్కవాళ్ళంత పరిచయం. ఒకసారి గుడ్డలు చుట్టిన మమ్మీ ఒకటి పరీక్షకి వచ్చింది. వేల ఏళ్ళ నాటి పెద్దమనిషి. లోపలి ఫొటోలు తీస్తే గుండె చుట్టూ రక్తనాళాల్లో సున్నం పేరుకుని ఉంది. "అప్పుడూ ఇదే గోలా నాయనా" అని ఆయన మీద బోలెడు జాలిపడి, ఆ సాయంత్రమే నడకకి వెళ్ళడం మొదలుపెట్టింది. వారం తిరక్కుండా మానేసిందనుకోండి, అది వేరే సంగతి.

ఆవిడకి పిల్లల్లేరు. ఉన్నదల్లా చెల్లెలు, చెల్లెలి కూతురు. ఆ పిల్లని ఇంట్లో మిడత అంటారు. ఒకచోట కాలు నిలవని రోజుల్లో పెట్టిన పేరది. కిందటేడు పేగుల జబ్బొకటి వచ్చి పడ్డాక గెంతడం పోయింది, పేరు మాత్రం మిగిలింది. తిన్నది ఇమడదు, కడుపునొప్పి తగ్గదు, జ్వరం వదలదు. అన్నిటినీ మించి, పిల్ల ఎదగడం ఆగిపోయింది. తోటి పిల్లలు ఒక్కొక్కరే పొడవెదిగి దాటిపోతుంటే, మిడత మాత్రం అదే చెప్పులు, అదే గౌను.

ఇక్కడ చెల్లెలి సంగతి చెప్పాలి. ఆమెది దర్జీ దుకాణం. బడిపిల్లల యూనిఫారాలు కుట్టడంలో ఆమెని మించినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. మెడలో ఎప్పుడూ టేపు వేలాడుతూ ఉండాల్సిందే. రోజంతా ఊళ్ళోవాళ్ళ పిల్లలు ఎంత పెరిగారో కొలవడమే ఆమె పని. "అమ్మో, తాటిచెట్టులా పెరిగిపోతున్నావురా" అని ఒక్కొక్కడినీ మెచ్చుకుంటుంది. సొంత కూతురి దగ్గరికి వచ్చేసరికి ఆ టేపు మెడలోంచి దిగదు. మొదట్లో కొలిచేది. వరసగా కొన్నిసార్లు టేపు మీద అదే అంకె కనబడ్డాక, ఇక కొలవనని ఒట్టు పెట్టుకుంది. ఎవరైనా కొలుస్తానన్నా ఇంతెత్తున లేస్తుంది.

కొన్ని నెలల కిందట డాక్టరు మందు మార్చాడు. "ఈ మందుతో పిల్ల మళ్ళీ ఎదగడం మొదలుపెట్టిందా, సరే. లేదంటే మాత్రం పాడైన పేగు ముక్క కోసి తీసేయాల్సిందే, ఆలస్యం చెయ్యకూడదు" అన్నాడు. ఎదుగుతోందో లేదో చూడ్డానికి మోచేతినుంచి మణికట్టుదాకా ఎక్స్-రే తీయించమన్నాడు. ఆ ఫిల్ము చేతికొచ్చింది శనివారం. డాక్టరు మళ్ళీ కూర్చునేది సోమవారం. ఈ మధ్య రోజులు ఎలా గడవాలి? చెల్లెలు కవరు విప్పి కాగితం చదివింది. అందులో ఏవేవో మాటలున్నాయి గానీ ఆమె కంట పడింది ఒక్కటే: ఎముకలో "ఎదుగుదల ఆగిన గీత" ఉన్నదని. అంతే, దుకాణానికి తాళం పెట్టి, పిల్ల చెయ్యి పట్టుకుని, ప్రాణాలు అరచేత పెట్టుకుని అక్క దగ్గరికి పరుగెత్తింది.

ఆ సమయానికి ఎముకల పెద్దమ్మ బల్లమీద అవ్వ ఉంది. అవ్వ అంటే తవ్వకాల్లో ఒక పాత శ్మశానంలో దొరికిన ఒక ముసలామె అస్థిపంజరం. పేరు పెట్టింది మిడతే. పళ్ళు చిగుళ్ళదాకా అరిగిపోయి, మోకీళ్ళు గరుకుదేరి, నడుం వంగిపోయిన మనిషి. అవ్వ కాళ్ళ ఎముకల ఎక్స్-రేలో అడ్డంగా సన్నటి తెల్లగీతలు నాలుగైదు ఉన్నాయి. చిన్నప్పుడు జబ్బుపడ్డదని చెప్పే గుర్తులవి. చాలామందికి వయసుతో చెరిగిపోతాయి, అవ్వకి మిగిలాయి. అందుకే డైరెక్టరు గారికి ఆమె మీద మోజు. పైన కొత్త గది తెరుస్తున్నారు, అందులో రెండు అద్దాల పెట్టెలు: ఒకదాంట్లో ఎముకలు నున్నగా ఉన్న ఆరోగ్యవంతులు, ఒకదాంట్లో ఇలా గుర్తులు పడ్డ రోగులు. అవ్వ రోగుల పెట్టెలోకి పోవాలి. పక్కన పెట్టే వివరం అట్టముక్క మీద రాసి సాయంత్రంలోగా ఇమ్మని ఆయన పొద్దుటినుంచీ ప్రాణం తోడేస్తున్నాడు.

"బాగున్నావా అవ్వా?" అని మిడత తిన్నగా బల్ల దగ్గరికి పోయింది. 

చెల్లెలు కవరు అందించింది. పెద్దమ్మ ఫిల్ము తీసి లైటుపెట్టె మీద, అవ్వ ఫిల్ము పక్కనే తగిలించింది. గీత కనబడింది. అప్పుడు ఆవిడ చెయ్యి దానంతటదే ఎముకలు కొలిచే పరికరం, కాలిపర్, అందుకుంది. ఎన్నో ఏళ్ళ అలవాటు. ఎముక నడిమినుంచి గీతదాకా కొలిస్తే ఆ మనిషికి జబ్బు ఏ వయసులో చేసిందో లెక్క తేలుతుంది. కొలిచింది. కళ్ళు చికిలించి లెక్కేసింది. లెక్కేస్తూ, పెట్టెల్లోని మనుషుల గురించి రోజూ చదివినట్టే పైకి చదివేసింది.

"ఆడపిల్ల. ఏడో ఏడు దాటాక. బతికున్నప్పుడు గట్టి జబ్బే చేసింది."

ఆ మాట నోట్లోంచి బయటపడ్డాక గానీ ఏమన్నదో తనకే తెలియలేదు. పెద్దమ్మ నాలుక కరుచుకుంది. కరుచుకుని ఏం లాభం? చెల్లెలి మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"బతికున్నప్పుడా?" అంది చెల్లెలు. "అక్కా, అది నీ పక్కనే నిలబడి ఉంది!"

"అయ్యో, అలవాటు మీద వచ్చేసిందే... నా ఉద్దేశం అది కాదే..."

"నీ ఉద్దేశం నీ దగ్గరే ఉంచుకో. నీకు అందరూ పెట్టెల్లో వాళ్ళలాగే కనబడతారు. నాదే బుద్ధి తక్కువ, నీ దగ్గరికి తెచ్చాను."

పిల్ల చెయ్యి పట్టుకుని విసవిసా మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఫిల్ములు, కవరు అన్నీ అక్కడే వదిలేసింది. మిడత మెట్ల మీదినుంచి వెనక్కి తిరిగి అవ్వకి టాటా చెప్పింది. పెద్దమ్మకి చెప్పలేదు.

పెద్దమ్మ స్టూలు మీద కూలబడింది. తనని తాను తిట్టుకోని తిట్టు లేదు. నోటికి తాళం వేసుకోవే మొద్దూ అనుకుంది. ఏళ్ళ తరబడి చచ్చినవాళ్ళతో కాపురం చేస్తే బతికున్నవాళ్ళతో ఎలా మాట్లాడాలో మరిచిపోతారా అని ఏడ్చింది కూడా. ఆవిడ ఆ గదిలో ఏడవడం అదే మొదలు.

ఇంతలో డైరెక్టరు గారు తలుపులోంచి తల పెట్టి, "అవ్వగారి అట్ట అయ్యిందా?" అన్నాడు. సమయం చూసుకుని రావడంలో ఆయన తర్వాతే ఎవరైనా.

"అవుతోందండీ" అంది, ముక్కు తుడుచుకుని.

సరే, చేతికి పనైనా ఉంటుందని కలం తీసింది. "చిన్నతనంలో పలుమార్లు రోగగ్రస్తురాలు" అని మొదలుపెట్టి, తర్వాత ఏం రాయాలా అని అవ్వ ఫిల్ము వంక చూసింది. ఆ నాలుగైదు గీతలు. గీతల పైన ఎముక, కింద ఎముక. చివరి గీత దాటాక కూడా ఎంతో ఎముక. మోకాలి దాకా సాగి, నడిచి, బరువులెత్తి, పిల్లల్ని కని, ముసలితనంతో గరుకుదేరిన ఎముక.

చేతిలో కలం కింద పెట్టేసింది.

ఆవిడ చదువుకున్నదే ఇది. పదిమందికి పాఠం చెప్పిందే. ఒంట్లో జబ్బు ముదిరి ఎదుగుదల ఆగిపోతే ఎముక చివర గట్టి పొర ఒకటి పేరుకుంటుంది. కానీ అది గీతలా ఎప్పుడు కనబడుతుంది? పిల్ల కోలుకుని, ఎముక మళ్ళీ సాగి, ఆ పొరని వెనకే వదిలేసి ముందుకి పోయినప్పుడు. మళ్ళీ ఎదగని పిల్ల ఎముకలో గీతే ఉండదు. కోలుకున్నవాళ్ళకే ఆ గీత. ఇంత తెలిసీ ఆవిడ ఎన్నడూ కొలవని వైపు ఒకటుంది. పెట్టెల్లోని మనుషులకి జబ్బు ఎప్పుడు చేసిందో కావాలి కాబట్టి, ఎప్పుడూ ఎముక నడిమినుంచి గీతదాకానే కొలిచింది. గీతనుంచి చివరిదాకా ఎవరు కొలుస్తారు? అటు చివర ఉన్నది చావేనని అందరికీ తెలుసు, కొలిచి సాధించేదేముంది?

కానీ మిడత ఎముకకి అటు చివర చావు లేదు.

గబుక్కున లేచి కాలిపర్ తీసుకుంది. పిల్లల ఎముక చివర, అది ఎదిగే చోట, ఫిల్ములో నల్లటి పాయ ఒకటి కనబడుతుంది. గీతకీ ఆ పాయకీ మధ్య ఎంత దూరం? పెసరగింజంత. ఎక్కువేం కాదు. అయినా ఉంది. ఆశకొద్దీ కళ్ళు మోసం చేస్తున్నాయేమోనని పక్కన పెట్టి, వెళ్ళి మొహం కడుక్కుని వచ్చి మళ్ళీ కొలిచింది. అంతే ఉంది. కవరులో వెతికితే మందు మార్చకముందు తీసిన పాత ఫిల్ము దొరికింది. దాన్నీ తగిలించి చూసింది. అందులో గీత లేనే లేదు. అంటే ఈ పెసరగింజంత ఎముక మందు మార్చాక పుట్టిందే. సరికొత్త ఎముక. ఇది నిజమైతే పిల్ల కడుపు మీద కత్తి పెట్టాల్సిన పని లేదు.

గబగబా ఫిల్ములు సంచీలో పెట్టి భుజాన వేసుకుంది. మెట్ల దగ్గర డైరెక్టరు గారు ఎదురయ్యాడు.

"అట్ట?"

"డైరెక్టరు గారూ, మీ రెండు పెట్టెలూ తారుమారయ్యాయండీ" అంది ఆయాసపడుతూ. "ఆరోగ్యవంతుల పెట్టెలో నున్నటి ఎముకల పిల్లని పెట్టమన్నారే, ఆ పిల్ల ఎముకలు నున్నగా ఎందుకున్నాయో తెలుసా? జబ్బు ఎముకదాకా పాకే లోపే ప్రాణం పోయి ఉంటుంది. మన అవ్వ అన్ని జబ్బులూ పడి, అన్నిటినీ దాటుకుని, పళ్ళు అరిగేదాకా బతికింది. ఎవరండీ గట్టివాళ్ళు?"

"మరి అట్టలన్నీ మళ్ళీ రాయించాలా?" అన్నాడు ఆయన, ఏడుపుమొహంతో.

"రాద్దాం లెండి, సోమవారం!" అంటూనే ఆవిడ వీధిలో పడింది.

బళ్ళు తెరిచే రోజులు. దర్జీ దుకాణం ముందు తల్లులు, పిల్లలు, గుడ్డల మూటలు. చెల్లెలు అక్కని చూసీ చూడనట్టు తల దించుకుని మిషను తొక్కుతోంది. మిడత బల్లకింద కూర్చుని అయస్కాంతంతో గుండుసూదులు ఏరుతోంది. పెద్దమ్మ నోరు తెరవబోయింది. "పని ఉంది" అంది చెల్లెలు, తల ఎత్తకుండా. ఇక చేసేదేం లేక పెద్దమ్మ ఒక మూల ముక్కాలి పీట మీద కూర్చుంది.

అంతలో ఒకావిడ కూతురి పాత గౌను తెచ్చింది. "పొట్టిదైపోయిందమ్మా, ఈ ఏడు కూడా లాగించాలి" అంది. ఎదిగే పిల్లల గౌనులకి అంచున గుడ్డ ఎక్కువ వదిలి లోపలికి మడిచి కుట్టడం ఎవరైనా చేసేదే. చెల్లెలు కుట్టు విప్పి మడత దించింది. గౌను జానెడు పొడవైంది. పాత మడత ఉన్నచోట మాత్రం అడ్డంగా గీత ఒకటి పడి ఉంది. ఇస్త్రీ చేసినా పూర్తిగా పోని గీత. చెల్లెలు పక్కనున్న డబ్బాలోంచి లేసు తీసి ఆ గీత కనబడకుండా పైన వేసి కుట్టేసింది. ఎన్ని వందల గౌనులకి చేసిందో ఆ పని.

పెద్దమ్మ ఆ గీతనే చూస్తూ ఉంది. మాటలు దొరికాయి.

బల్లకిందినుంచి మిడత తల బయటపెట్టింది. "పెద్దమ్మా, నాకు బతికున్నప్పుడు జబ్బు చేసిందన్నావుగా. మరి ఇప్పుడు నేను ఎక్కడున్నాను?"

దుకాణంలో ఉన్న తల్లులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చెల్లెలి కాలు మిషను మీద ఆగిపోయింది.

"ఇక్కడే ఉన్నావు తల్లీ" అంది పెద్దమ్మ, పిల్లని దగ్గరికి లాక్కుని. "నీ పెద్దమ్మ ఒట్టి తెలివితక్కువది. నిన్ను ఎటునుంచి కొలవాలో దానికి తెలియలేదు." తర్వాత చెల్లెలి వైపు తిరిగింది. "చిన్నదానా, నన్ను ఎన్నైనా తిట్టు, పడతాను. ముందొక మాట చెప్పు. ఇందాక ఆ గౌనుకి గీత పడింది చూశావే, అది ఎప్పుడు కనబడింది?"

"ఇదేం ప్రశ్న?" అంది చెల్లెలు విసుగ్గా. "మడత విప్పితే కనబడుతుంది."

"మడత విప్పకపోతే?"

"విప్పకపోతే గీత ఎందుకుంటుంది? అంచే ఉంటుంది. గుడ్డ కిందికి దిగితేనే కదా పాత మడత పైకి..."

చెల్లెలు చేతిలోని కత్తెర కింద పెట్టింది.

"అదే" అంది పెద్దమ్మ. "దాని ఎముకలో గీత కూడా అదేనే. ఆగిన చోట పడ్డ గీత నిజమే. కానీ ఆగి అక్కడే ఉండిపోతే అది కనబడేదే కాదు. ఎముక కిందికి దిగింది కాబట్టే గీత పైన మిగిలింది. గీతకి అవతల కొత్త ఎముక ఉంది. ఇంతుంది." బొటనవేలి గోరు మీద కొలత చూపించింది. "పాత ఫిల్ములో ఇది లేదు. నేను రెండుసార్లు కొలిచాను."

"నిజంగానా? నన్ను ఊరుకోబెట్టడానికి చెప్తున్నావా?"

"నా మాట నమ్మకు. ఇవాళ నా నోటికి విలువ లేదు. నీ మెడలో టేపుంది, నువ్వే కొలుచుకో."

చెల్లెలు టేపు మీద చెయ్యి వేసింది, తీసేసింది. "నా వల్ల కాదక్కా" అంది చిన్నగా. "అదే అంకె వస్తే నేను తట్టుకోలేను."

మిడతే లేచి వచ్చి తల్లి ముందు నిటారుగా నిలబడింది, కొలతలకి వచ్చే పిల్లలందరూ నిలబడినట్టే. "తొందరగా కానియ్యమ్మా, వెనక జనం ఉన్నారు" అంది. రోజూ తల్లి అనే మాటే అది. లేసు కొనడానికి వచ్చిన ముసలామె ఒకతె పకపకా నవ్వింది, నవ్వి కళ్ళు ఒత్తుకుంది.

చెల్లెలు టేపు తీసింది. మడమనుంచి నెత్తిదాకా పెట్టింది. అంకె చూసింది. మళ్ళీ పెట్టింది. "టేపు సాగిపోయినట్టుంది" అని గొణిగి, సొరుగులోంచి కొత్త టేపు తీసి మూడోసారి పెట్టింది. తర్వాత ఆ టేపు చేతిలో పట్టుకుని నేలమీద చతికిలబడి, పిల్లని ఒళ్ళోకి లాక్కుని, ఇన్నాళ్ళ దిగులూ కరిగిపోయేలా బావురుమంది. టేపు సాగలేదు. పిల్లే సాగింది.

"అమ్మా, ఊపిరాడట్లేదు" అంది మిడత.

సోమవారం డాక్టరు ఫిల్ములు రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. పెద్దమ్మ పక్కనే కూర్చుని నోరు కుట్టేసుకున్నట్టు ఉంది. "మందు పనిచేస్తోంది. ఇప్పటికి ఆపరేషను మాట పక్కన పెడదాం" అన్నాడు ఆయన. జబ్బు పూర్తిగా పోయిందని ఎవరూ అనలేదు. మందులు మింగాలి, పరీక్షలకి రావాలి, మళ్ళీ ఎప్పుడైనా తిరగబెట్టొచ్చు. "మళ్ళీ వస్తే ఇంకో గీత పడుతుంది, అవ్వకి అయిదు లేవూ?" అంది మిడత. డాక్టరుకి ఆ అవ్వ ఎవరో అర్థం కాలేదు. ఎవరూ చెప్పలేదు కూడా.

మ్యూజియంలో అవ్వ పక్కన ఇప్పుడున్న అట్ట చాలా చిన్నది. "చిన్నప్పుడు చాలాసార్లు జబ్బుపడింది. ప్రతిసారీ లేచింది" అని ఉంటుంది. డైరెక్టరు గారికి అది మరీ ముక్తసరిగా అనిపించింది గానీ, ఎముకల పెద్దమ్మతో వాదించి ఎవరు నెగ్గుతారు?

డాక్టరు దగ్గరినుంచి వచ్చిన సాయంత్రం చెల్లెలు మిడత గౌను ఒళ్ళో వేసుకుని కూర్చుంది. ఏడాదిగా అలాగే మడిచి ఉన్న అంచు. బ్లేడుతో ఒక్కొక్క కుట్టే విప్పింది. కత్తిరించిన నాటి రంగుతో, ఒక్కసారి కూడా ఎండ తగలని గుడ్డ కిందికి దిగింది. పైన గీత పడింది. ఆమె చెయ్యి అలవాటు కొద్దీ లేసు డబ్బా మీదికి పోయింది, అక్కడే ఆగింది.

"లేసు వెయ్యవా అమ్మా?" అంది మిడత.

"వద్దు" అంది తల్లి. గౌను విదిలించి పిల్ల భుజాలకి ఆనించి చూసింది. "ఆ గీతని కనబడనీ. నువ్వు పెరిగావని అందరికీ తెలియాలి."